మూడు గంటల సంచి

మా అక్క చేతి వంటకు అయిదు స్టార్లు వచ్చిన నెలలోనే ఆమె మెస్సు మునగడం మొదలైంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు అర్థం కావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. నేను డిగ్రీ పాసైనవాణ్ణి. ఏదైనా కాస్త నిదానం మీద అర్థమవుతుంది.

మెస్సు అనడం మర్యాద కోసం. గద్వాల బస్టాండు వెనక సందులో ఒక రేకుల షెడ్డు, నాలుగు బెంచీలు, రెండు పొయ్యిలు, రొట్టెలు కాల్చే ఇనుప పెంక ఒకటి. జొన్న రొట్టె, పుంటికూర పప్పు, పల్లి కారం, అన్నం, చారు. బోర్డు రాయిద్దామని నేనంటే బావ, "వాసనొస్తది గద, మల్ల బోర్డెందుకు?" అన్నాడు. బోర్డు రాలేదు.

అక్కా బావా పదకొండేళ్లు బొంబాయిలో మేడలు కట్టే పని చేశారు. వాళ్లు కట్టినవాటిలో ఒకదానికి డాబా మీద ఈతకొలను ఉందని బావ ఇప్పటికీ చెబుతాడు. నీళ్లు పోయకముందు ఒక వేసవంతా అందులోనే పడుకున్నారట. గాలి బాగా వచ్చేదట. ఆ తర్వాతి మేడ దగ్గర బావ రెండో అంతస్తు సెంట్రింగు మీంచి జారి పడ్డాడు. నడుములో ఎముక చిట్లింది. దవాఖానలో డాక్టరు ఇక జన్మలో బరువు మోయొద్దని చీటీ రాసిచ్చాడు. మోయకపోతే ఏం తినాలన్నది రాయలేదు. చీటీలో చోటు చాలలేదేమో.

అందుకని మెస్సు పెట్టారు. అక్క రొట్టెలు కొడుతుంది, బావ పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తాడు. మొదటి ఏడాది బాగానే నడిచింది. రెండో ఏడు ఎదురుగా బిర్యానీ సెంటరు వెలిసింది. దాని ముందు ప్లాస్టిక్ కోడి ఒకటి పొద్దంతా తల ఊపుతూ పిలుస్తుంది. మా అక్కకు తల ఊపడం చేతకాదు. రొట్టెలు మిగలడం మొదలైంది.

ధరూర్ వైపు నుంచి ఒక గుంపు మేస్త్రీ వస్తుండేవాడు. ఏటా దీపావళి అయ్యాక బొంబాయికి కూలీలను తీసుకుపోయేది ఆయనే. మావాళ్లను కూడా మొదట తీసుకుపోయింది ఆయనే. మనిషి మంచివాడు, కానీ ఆయన లెక్క జోడీల లెక్క. మొగుడూ పెళ్లాం ఇద్దరూ వస్తేనే తీసుకుంటాడు. "ఒక్కతిని తోల్కపోతే ఏం లాభం? సిమెంటు మాలు కలిపేటోళ్లు ఒకరుండాలె, మోసేటోళ్లు ఒకరుండాలె," అనేవాడు. అంటే మెస్సు మూతపడితే బావ నడుము మళ్లీ సిమెంటు తట్ట కిందికి పోతుంది. ఈ మాట ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు. కానీ ఆ వానాకాలమంతా మేం చేసిన ప్రతి పనీ దాని గురించే.

అప్పటికి నేను మూడు ఉద్యోగాలు చేసి ఉన్నాను. మూడూ నన్ను మానేశాయి. అక్క ఇంట్లో ముందు గదిలో చాప వేసుకుని నాలుగోదాని కోసం ఫోన్లో వెతుకుతుంటే ఒక హైదరాబాదు కంపెనీ తగిలింది. హోటళ్లలో మిగిలిన తిండిని పారేయకుండా మూడో వంతు ధరకు యాప్‌లో అమ్మిస్తారు. కొనేవాడు ఫోన్లోనే డబ్బు కట్టి, చెప్పిన వేళకు వచ్చి సంచి తీసుకుపోతాడు. సంచిలో ఏముందో ముందే చెప్పరు. ఏం మిగిలితే అది. తిండి వృథా కాదు, తినేవాడికి చవక, హోటలువాడికి పారబోసేదాని మీద నాలుగు రాళ్లు. వినగానే నాకు కళ్లు చెమర్చాయి. ఆ వారం ఉల్లిగడ్డలు కూడా ఘాటుగా ఉన్నాయి.

కంపెనీవాళ్లు చిన్న ఊళ్లలోకి వస్తున్నారట. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నాకిచ్చారు. మెడలో వేసుకునే కార్డు ఒకటి పంపారు. ఎన్ని హోటళ్లను చేర్పిస్తే అంత జీతం.

వనపర్తిలో ఒక బేకరీకి వెళ్లాను. యజమాని నా మాట చివరిదాకా విని, గాజు పెట్టెలోని కర్రీపఫ్‌ల వైపు చూపించాడు.

"మిగులుడేంది తమ్మీ? ఇయ్యాల అమ్ముడుపోనిది రేపు అమ్ముతం. రేపు పోనిది ఎల్లుండి పోతది. మా దగ్గర ఏది మిగలదు."

నాగర్‌కర్నూలు హోటలాయన ఇంకా గట్టివాడు. వెనక రెండు గంగాళాల నిండా అన్నం చల్లారుతుండగా, "మా కాడ మిగిలిందని ఎవడన్నడు? పేరు జెప్పు," అని లేచి నిలబడ్డాడు. ఎదుటి వీధి హోటలువాడు పుకారు పుట్టించి నన్ను పంపాడని ఆయన అనుమానం. మా వైపు వంట మిగిలిందంటే గిరాకీ లేదని ఒప్పుకున్నట్టే. గిరాకీ లేదని ఏ వ్యాపారీ సొంత పెళ్లాం దగ్గర కూడా ఒప్పుకోడు. నెల తిరిగేసరికి మూడు ఊళ్లకూ కలిపి నేను సంపాదించిన హోటళ్లు సున్నా. మిగిలింది మా అక్క.

నిజానికి అక్క దగ్గర మిగిలిన తిండికి అప్పటికే ఒక దారి ఉంది. సందు చివర ఒక అవ్వకు రెండు బర్రెలున్నాయి. మధ్యాహ్నం దాటాక ఆమె బకెట్ పట్టుకుని వచ్చి దూరం నుంచే అరుస్తుంది. అక్క గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, రొట్టెలు అందులో నింపుతుంది. అది బర్రెల కుడితి. మర్నాడు పొద్దున అవ్వ పెద్ద చెంబెడు మజ్జిగ తెచ్చి పోస్తుంది. ఎండాకాలంలో మా బెంచీల మీదికి మనుషులు వచ్చేది సగం ఆ మజ్జిగ కోసమే. ఈ ఏర్పాటుకు యాప్ లేదు. అందుకని అది నా కంటికి వృథాగా కనిపించింది.

ఒకరోజు పొద్దున్నే పిండి తడుపుతున్న అక్క పక్కన కూర్చుని అంతా వివరించాను. ఆమె తల ఎత్తకుండా వింది. ఒక్క షరతు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. పొద్దున తొమ్మిదికల్లా ఆ రోజు ఎన్ని సంచులు మిగులుతాయో యాప్‌లో రాయాలి.

"పొద్దుగాలనా?"

"ఆ, తొమ్మిది లోపల."

"బోనీ గాకముందే మిగులుతదని రాస్తవా? ఏం నోర్రా నీది? పొయ్యి ముట్టియ్యక ముందే ఇయ్యాల ఎవ్వరు రారని నువ్వే రాస్తే, ఆ లక్ష్మి యాడికెల్లి వస్తది?"

"అక్కా, అది అంచనా. కంప్యూటర్‌కు చెప్పాలె అంతే."

"కంప్యూటర్‌కు జెప్పినా పొయ్యికి ఇనబడదా?"

బావ ఉల్లిగడ్డల మీంచి, "ఇనబడ్తది," అన్నాడు.

ఇక వాదించలేదు. మర్నాటి నుంచి వనపర్తి బస్సులో కూర్చుని, అక్కకు కనబడకుండా, వినబడకుండా నేనే రాసేవాణ్ణి. పది సంచులు. మూడు గంటలకు ఇవ్వాలి. సంచులకు అక్క ఒప్పుకుంది కానీ సంఖ్య మాత్రం ఆమెకు చెప్పకూడదు. మధ్యాహ్నం రెండయ్యాక బావకు ఫోన్ చేసి చెప్పాలి, అప్పటికి బోనీ అయిపోయి ఉంటుంది కనుక. ఇంకో మాట కూడా ఆమెతో చెప్పాను. ఇక కుడితిలో అన్నం, రొట్టె పోయొద్దు, అది ఇప్పుడు సరుకు అని.

మొదటి వారమే పదికి పది సంచులూ పోయాయి. కొన్నవాళ్లు యాప్‌లో రాశారు: "రొట్టెలు మెత్తగా, వేడి వేడిగా ఉన్నాయి." అయిదు స్టార్లు. ఇంకొకరు: "పప్పు పొగలు కక్కుతోంది." అయిదు స్టార్లు. కంపెనీ నుంచి ఒక మేడమ్ ఫోన్ చేసి, ఇంత చిన్న ఊళ్లో ఇంత మంచి రేటింగ్ ఎలా సాధ్యమైందని అడిగింది. నిబద్ధత అన్నాను. పన్నెండింటికి వండి మిగిలిపోయిన పప్పు మూడింటికి పొగలెలా కక్కుతుందని ఆమె అడగలేదు. నేనూ అడగలేదు. ఇద్దరమూ చదువుకున్నవాళ్లమే.

శ్రావణ శనివారం ఒకటి వచ్చింది. మల్దకల్ వెంకటేశ్వరస్వామి దగ్గరికి పోయి వచ్చే జనంతో బస్టాండు కిక్కిరిసిపోయింది. ఒంటిగంటకల్లా గిన్నెలు బోర్లించేశారని బావ చెప్పాడు. నేను నాగర్‌కర్నూలులో ఉన్నాను. యాప్‌లో పది సంచులు అమ్ముడుపోయి ఉన్నాయి. మూడుసార్లు ఆర్డరు తప్పితే దుకాణాన్ని తీసేస్తారు. నేను బస్టాండులో నిలబడి గడియారం చూశాను. మూడు దాటింది. మూడున్నర దాటింది. పది సంచులూ ఇచ్చేసినట్టు ఫోన్లో పచ్చ గుర్తులు పడ్డాయి. గిన్నెలు ఖాళీ అయినా తిండి మిగిలింది. దాన్ని నేను మా అక్క సామర్థ్యం ఖాతాలో వేసి, ఆ సంతోషంలో సోమవారం నుంచి సంచులు ఇరవై చేశాను.

ఆ రోజుల్లో రాత్రి భోజనానికి మేం ముగ్గురం చల్లారిన రొట్టెలు తునకలు చేసి పోపు పెట్టుకుని తినేవాళ్లం. అన్నం కూడా మధ్యాహ్నానిదే. అక్క పొదుపు చేస్తోందనుకున్నాను. రొట్టె తునకలు నాకు ఇష్టం కూడాను.

బర్రెల అవ్వకు మాత్రం సంగతి తెలిసిపోయింది. ఒకరోజు నేను షెడ్డులో ఉండగా బకెట్ తెచ్చి, అక్క పోసిందాన్ని చూసుకుంది. అడుగున ఒట్టి బియ్యం కడిగిన నీళ్లు.

"ఏమే పిల్లా, కుడితిల రొట్టెలు బందయినయేంది?"

అక్క నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకుని, ఇప్పుడవన్నీ ఫోన్ ద్వారా పోతున్నాయని చెప్పాను.

అవ్వ నన్ను, నా మెడలో కార్డును తీరిగ్గా చూసింది. "గట్లనా బిడ్డా? మా బర్రెకు ఫోన్ లేదు," అని నీళ్లు అక్కడే పారబోసి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి మజ్జిగ రాలేదు.

మజ్జిగ పోయింది సరే, మనుషులు కూడా పోవడం మొదలైంది. పన్నెండున్నరకు నిండుగా ఉండాల్సిన బెంచీల మీద ఈగలు విశాలంగా కూర్చునేవి. ఒక ఆఫీసు సారు ఉండేవాడు. మెస్సు పెట్టిన రోజు నుంచి రోజూ అదే మూల బెంచీ, మూడు రొట్టెలు, గిన్నెడు పప్పు. ఆయన మధ్యాహ్నం కనిపించడం మానేసి మూడింటికి సంచి కోసం రావడం మొదలెట్టాడు. ఒకరోజు సంచులు కట్టేశాక చేరుకుని, ఆయనది నేనే అందించాను.

"ఏం సార్, ఆలస్యంగా తింటున్నరు?"

"అలవాటైంది తమ్మీ. కాసేపు కడుపు మాడ్చుకుంటే పర్యావరణానికి మంచిదని మీ యాప్‌లనే రాసిండ్రు గద."

కొత్త బండి మీద వచ్చాడు. సంచిని హ్యాండిల్‌కు తగిలించుకున్నాడు. ఆయన అటు పోగానే అక్క నన్ను పక్కకు పిలిచింది.

"ఆ సారును ఏం అడగకు."

"ఏం అడిగిన?"

"ఎందుకు లేటని అడిగినవు గద. పాపం, జీతం సక్కగ వస్తలేదేమో. బుద్ధిమంతుడు, చెప్పుకోలేడు. నేనొక రొట్టె ఎక్కువేసిన సంచిల."

తక్కువ ధరకు తిండి కొనేవాడు కష్టంలో ఉన్నవాడే అయి ఉంటాడని ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడిదో అప్పుడు నాకు తెలియలేదు. నవ్వొచ్చింది, నవ్వాను.

భాద్రపదంలో ఒకరోజు మధ్యాహ్నం నేనెక్కిన వనపర్తి బస్సు ఊరు దాటకముందే ఆగిపోయింది. నడిచి వెనక్కి వచ్చేసరికి రెండున్నర. షెడ్డులో బెంచీలన్నీ ఖాళీ. రెండు పొయ్యిలూ మండుతున్నాయి. అక్క పెంక ముందు కూర్చుని రొట్టె కొడుతోంది. కుడి మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది. పక్కన అప్పుడే దించిన పప్పు. ఇంకో పక్కన పళ్లెంలో పొద్దుటి రొట్టెలు, చల్లారినవి, గుడ్డ కప్పి ఉన్నాయి.

"ఇదేందక్కా?"

"సంచులకు."

"సంచులకు ఆ పళ్లెంల ఉన్నవి పెట్టాలె గద! అవి మిగిలినవి!"

"అవి మనకు, రాత్రికి."

నేను పీట లాక్కుని కూర్చున్నాను. మొదటి రోజు నుంచీ ఇదే జరుగుతోందట. సంచి సంచికీ కొత్త పప్పు, కొత్త రొట్టె. మూడో వంతు ధరకు. అంటే ఎంత బాగా అమ్ముడుపోతే అంత నష్టం, ఎన్ని స్టార్లు వస్తే అంత లోతు. ఆ లోతును నేను ప్రతి పొద్దునా బస్సులో కూర్చుని పది నుంచి ఇరవైకి, ఇరవై నుంచి ముప్పైకి పెంచుతూ వచ్చాను. మిగిలిపోయిన తిండి తిన్నది మేం ముగ్గురం. ఊరు తాజాది తిన్నది.

"ఎందుకిట్ల జేసినవక్కా? నాకెందుకు చెప్పలే?"

ఆమె రొట్టె తిప్పి, తడి గుడ్డతో నొక్కింది.

"బొంబాయిల మా సైటు పక్కన ఒక క్యాంటీన్ ఉండె. మూడు గొట్టినంక మిగిలిన అన్నం లేబరోళ్లకు సగం పైసలకు పెడ్తుండె. లైన్ల నిలబడి తెచ్చుకుంటుంటిమి. గడ్డలు గట్టి ఉంటుండె. మీ బావ పడ్డనాడు గూడ గదే తెచ్చి పెట్టిన దవాఖానల. ఎన్నేండ్లు తిన్నమో, వాడు ఒక్కనాడు వెచ్చజేసి ఇయ్యలే." రొట్టె దించింది. "నేను అమ్మేనాడు గట్ల అమ్మొద్దనుకున్న. పైసలు తక్కువుంటే ఆకలి తక్కువుంటదా?"

నేను ఆమెకు మూడు నెలల కింద పిండి తడిపే చోట కూర్చుని, మిగిలిన తిండిని చవకగా అమ్మడమనే కొత్త ఆలోచన గురించి గంటసేపు చెప్పాను. బొమ్మలు కూడా చూపించాను. మూడు ఊళ్లలో ఆ సంగతి నిజంగా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె ఓపికగా విన్నది.

"నాకు చెప్పొచ్చు గద," అన్నాను మళ్లీ.

"చెప్తే నీ కొలువు పోతది గద. ఉన్నది మనదొక్క హోటలే అంటివి."

బావ తల ఎత్తకుండా ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. అప్పటికే చాలా కోశాడు. ముప్పై సంచులకు చాలినన్ని.

ఆ రాత్రి సంచులు అయిదుకు దించాను. మేడమ్‌కు ఫోన్ చేశాను. "సర్, మీరు మా బెస్ట్ పార్ట్‌నర్. ఇప్పుడు తగ్గిస్తే ఎలా?" అంది. దుకాణం తీసేయాలంటే నలభై అయిదు రోజుల ముందు చెప్పాలట. చెప్పాను. ఆమె నిజంగానే బాధపడింది. అక్కకు ఒక ప్రశంసాపత్రం పంపిస్తానంది.

అక్కను ఒప్పించి, ఆ అయిదు సంచుల్లో నిజంగా మిగిలినవే పెట్టించాను. మూడో రోజు ఆఫీసు సారు సంచి విప్పి ముట్టుకుని చూశాడు.

"రొట్టె చల్లగున్నది. అక్కకు పానం బాగలేదా?"

"మిగిలినవి సార్. యాప్‌ల అమ్మేది మిగిలినవే గద."

"మిగిలినవైతే మాత్రం, మరీ ఇంత మిగిలినట్టు ఉంటయా?"

ఆ రాత్రి రెండు స్టార్లు వచ్చాయి. అక్కకు చదవడం రాదు, కానీ స్టార్లు లెక్కపెట్టడం వచ్చు. ఫోన్ నా చేతికిచ్చింది. మర్నాడు మళ్లీ రెండో పొయ్యి ముట్టించింది. నేను ఆపలేదు. ఆపడానికి నోరు కావాలి.

సంచులు తగ్గిస్తే మధ్యాహ్నం జనం తిరిగి వస్తారని ఆశపడ్డాను. ఊరు ఒకసారి మూడు గంటలు నేర్చుకున్నాక పన్నెండున్నరకు ఆకలి వేయడం మానేసింది. సందులోంచి పోతూ ఒకాయన లోపలికి తొంగిచూశాడు. బావ ఆశగా ఆకు పరవబోయాడు. ఆయన ఫోన్లో టైమ్ చూసుకుని, "ఇంక రేటు తగ్గలేదా? మూడింటికి వస్త తియ్," అని వెళ్లిపోయాడు. బావ ఆకును మళ్లీ చుట్టి పెట్టాడు. నీళ్లు చల్లిన ఆకు. తుడిచి మరీ పెట్టాడు.

నేను చేయగలిగినవన్నీ చేశాను. బస్టాండులో నిలబడి పిలిచాను. వడ్డేపల్లి బస్సు దిగినవాళ్ల వెంట కొంతదూరం నడిచాను. వాళ్లు నేను లాటరీ టికెట్లు అమ్మేవాణ్ణనుకున్నారు. బర్రెల అవ్వ ఇంటికి పోయి, కుడితి మళ్లీ ఇస్తాం, మజ్జిగ పోయమన్నాను. "నా దూడలకు తాపుతున్న బిడ్డా ఇప్పుడు. వాటికి స్టార్లు ఇచ్చుడు రాదు గని, తాగుతయి," అంది. స్టార్ల సంగతి ఆమెకు ఎవరు చెప్పారని అడగాలని నాకనిపించలేదు. గద్వాల పెద్ద ఊరేం కాదు.

దీపావళి అయిన మూడో రోజు మేస్త్రీ వచ్చాడు. సరిగ్గా పన్నెండున్నరకు. మూల బెంచీ మీద కూర్చుని, ఆకు వేయించుకుని, మూడు రొట్టెలు, పప్పు, కారం, అన్నం, చారు, అన్నీ వరసగా తిన్నాడు. పూర్తి ధర ఇచ్చాడు. ఆ రోజు పూర్తి ధర ఇచ్చినవాడు ఆయన ఒక్కడే.

"రుచి ఏం తగ్గలే బిడ్డా," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "మరి ఎట్ల?"

అక్క బావ వైపు చూసింది. బావ నిలబడ్డాడు. నిలబడేటప్పుడు ఆయన ముందు గోడ పట్టుకుంటాడు, ఆ తర్వాత మోకాలు. ఆ రోజు గోడ పట్టుకోకుండా లేచాడు. మేస్త్రీ చూస్తున్నాడు మరి.

"ఇప్పుడు మంచిగనే ఉన్న," అన్నాడు బావ.

"నేను పోత అక్క తోడు. నన్ను రాసుకోరి," అన్నాను. మేస్త్రీ నా అరచేయి తిప్పి చూసి, కొంచెం సేపు పట్టుకుని, మెల్లగా నా ఒళ్లో పెట్టేశాడు. ఆయన మర్యాదస్తుడు. "అది జోడీ గాదు," అని మాత్రం అన్నాడు.

పోయే రోజు మేస్త్రీ బండి నాలుగింటికి. నలభై అయిదు రోజుల గడువులో అది ఆఖరి రోజు. యాప్‌లో అయిదు సంచులున్నాయి. అక్క మూటలు కట్టేసి, రెండింటికి పొయ్యి ముట్టించింది. నేను వద్దన్నాను. బావ వద్దన్నాడు. "పైసలు గట్టిండ్రు," అంది. గుడ్డ చుట్టిన మణికట్టుతోనే ఇరవై రొట్టెలు కొట్టింది. నలుగురు వచ్చి తీసుకుపోయారు. అయిదోది ఆఫీసు సారుది. మూడున్నరయింది. మూడుంపావుకే వచ్చే మనిషి రాలేదు. బండి హారన్ కొట్టింది. అక్క సందు చివరి దాకా పోయి చూసి వచ్చింది.

"ఏమైందో పాపం. వస్తే ఇయ్యి. చల్లారితే వెచ్చజేసి ఇయ్యి. గట్లనే ఇయ్యకు." సంచి నా చేతిలో పెట్టింది. మళ్లీ తీసుకుని విప్పి ఒక రొట్టె ఎక్కువ వేసి ఇచ్చింది.

బావ బండెక్కడానికి ఇద్దరు పట్టుకున్నారు. మేస్త్రీ అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు.

ఆఫీసు సారు ఆ సాయంత్రం రాలేదు. ఎనిమిది దాకా చూసి ఆ సంచి నేనే తిన్నాను. రొట్టెలు అప్పటికి చల్లారిపోయాయి. వెచ్చబెట్టుకోలేదు.

మర్నాడు గిన్నెలు ఇంటికి చేర్చడానికి షెడ్డుకు వెళ్లాను. మూడుంపావుకు బండి చప్పుడు. ఆఫీసు సారు తల లోపలికి పెట్టాడు.

"నిన్న మీటింగ్ పడె తమ్మీ, రాలేకపోయిన. నా సంచి ఉన్నదా?"

"తిన్న సార్."

"ఆ, పోనీలే." లోపలికి వచ్చి ఖాళీ బెంచీలు, బోర్లించిన గిన్నెలు చూశాడు. "అక్క యాడ?"

"బొంబాయి పోయిండ్రు. ఇద్దరు."

"బావ నడుం?"

నేను తుడుస్తున్న గిన్నె పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాను. ఆయన హెల్మెట్ చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఆయన మొహం నిజంగానే పాలిపోయింది. చెడ్డవాడేం కాదు.

"మరి," అన్నాడు చివరికి, చాలా మెల్లగా, "మూడింటికి ఎట్ల?"

ఆ షెడ్డులో తినడానికి వచ్చినవాడికి లేదని చెప్పిన మాట నేను ఎప్పుడూ వినలేదు. మూలన డబ్బాలో అడుగున కాస్త జొన్నపిండి ఉంది.

"కూసోరి," అన్నాను.

ఆయన తన మూల బెంచీ మీద కూర్చున్నాడు. నేను పొయ్యి ముట్టించి పెంక పెట్టాను. నాకు రొట్టె చేయడం రాదని ఇద్దరికీ తెలుసు.